డ్యూటీ చార్ట్ చూసుకుని పీచు తినడం ఎలా: ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల కోసం

పొద్దున రౌండ్స్ మొదలవ్వక ముందు ప్రతి బెడ్ దగ్గరా ఆగి మనం అడిగే మాట ఒకటుంది, "మోషన్ అయ్యిందా అమ్మా?" అని. అవ్వలేదంటే కేస్ షీట్‌లో రాస్తాం, డాక్టరు గారికి చెప్తాం, రెండో రోజు కూడా అవ్వకపోతే సిరప్ మొదలవుతుంది. పదిహేడేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, ఈ ప్రశ్న ఎన్ని వేలసార్లు అడిగానో లెక్కలేదు. కానీ నా పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ సిస్టర్‌నో, స్ట్రెచర్ తోసే తమ్ముడినో, బెడ్‌పాన్ తీసే ఆయమ్మనో ఒక్కసారీ అడగలేదు. మూడేళ్ల కిందట నాకు ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) వచ్చి, కుర్చీలో కూర్చోలేక నిలబడే హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీవాళ్లకి అప్పగింత) ఇచ్చిన రోజున సర్జన్ గారు మందు రాసే ముందు ఒకటే అడిగారు, "రోజంతా ఏం తింటున్నారు సిస్టర్?" అని. ఇడ్లీ, టీ, బిస్కెట్, తెల్లన్నం, సాంబారు, మళ్లీ టీ. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ తిండిలో లేనిది పీచు, అంటే ఫైబర్. దాన్ని పెంచడానికి అప్పటి నుంచి నేను చేసి చూసుకున్నదీ, మా వార్డులో కొందరితో చేయించినదీ ఇక్కడ రాస్తున్నాను. మీరు ల్యాబ్‌లో ఉన్నా, ఓపీ కౌంటర్‌లో ఉన్నా, సెక్యూరిటీలో ఉన్నా ఇది పనికొస్తుంది. షిఫ్టులు మారే ఉద్యోగం ఏదైనా కడుపు పడే బాధ ఒకటే.

ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి

తిండి మార్చకముందే ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని మొదటి పేజీలో తేదీ వేసి ఈ ప్రశ్నకి జవాబు రాయండి: "మొత్తమ్మీద నా ఆరోగ్యం ఎలా ఉంది?" చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు, అస్సలు బాగోలేదు. ఈ అయిదింటిలో ఒకటి. ఎవరైనా అడిగితే "ఆ, బాగానే ఉన్నా" అనేస్తాం కదా, ఆ జవాబు ఇక్కడ రాయొద్దు. నిన్న డ్యూటీ దిగి మెట్లు ఎక్కినప్పుడు ఎలా అనిపించిందో గుర్తు చేసుకుని రాయండి.

ఇంత చిన్న ప్రశ్న దేనికి అనుకోకండి. ఆరోగ్య పరిశోధనల్లో ఎన్నో ఏళ్లుగా దీన్నే అడుగుతున్నారు. ఇలాంటి 27 అధ్యయనాలను కలిపి 1997లో ఇద్దరు పరిశోధకులు చూస్తే, తమ ఆరోగ్యం బాగోలేదని చెప్పినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఉన్న జబ్బులనూ మిగతా విషయాలనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా చాలా అధ్యయనాల్లో ఆ తేడా మిగిలింది. రిపోర్టుల్లో పడనిది ఏదో మన ఒంటికి ముందే తెలుస్తుందేమో. అందుకే మీ మాటని మీరే కొట్టిపారేయకండి.

దాని కిందే ఇంకో మూడు రాసుకోండి: వారంలో ఎన్నిసార్లు మోషన్ ఫ్రీగా అయ్యింది, కడుపు ఉబ్బరం ఎన్ని రోజులు ఉంది, డ్యూటీ సగంలో నీరసం ఎన్ని రోజులు వచ్చింది. మోషన్ ఎలా ఉందో రాయడానికి మనకు తెలిసిన బ్రిస్టల్ చార్ట్ (మోషన్ గట్టిదా మెత్తదా అని 1 నుంచి 7 దాకా నంబర్లు వేసేది) ఉండనే ఉంది. 3, 4 నంబర్లు మంచివి, 1, 2 అంటే గట్టిపడినట్టు. పేషెంట్లకి వేసే నంబరు మనకి వేసుకోవడానికి మొహమాటం ఎందుకు?

ఇప్పుడు ఎంత తింటున్నారో లెక్కేయండి

మూడు రోజులు చాలు. కాకపోతే ఆ మూడూ మూడు రకాల డ్యూటీ రోజులు కావాలి, ఒక మార్నింగ్, ఒక ఆఫ్టర్‌నూన్, ఒక నైట్. ఆఫ్ రోజు లెక్కలోకి తీసుకోవద్దు, ఆ రోజు ఇంట్లో అందరం బాగానే తింటాం.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్‌ఐఎన్ అనేది, రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకి దాదాపు 30 గ్రాముల పీచు కావాలంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి కనీసం 25 గ్రాములంటుంది. మరి మన మామూలు రోజు ఎంత ఇస్తుంది? ఎన్‌ఐఎన్ వాళ్ల ఆహార పట్టికల్లోని అంకెలు పెట్టుకుని చూద్దాం, అన్నీ సుమారు లెక్కలే. పొద్దున నాలుగు ఇడ్లీలు, కాస్త పల్లీ చట్నీ కలిపి 5 గ్రాములు. రెండు పూటల అన్నం, బియ్యం లెక్కన 200 గ్రాములనుకుంటే, 100 గ్రాముల తెల్ల బియ్యంలో 3 గ్రాములకి లోపే కాబట్టి అది ఒక 5, 6. పప్పో సాంబారో రూపంలో 30 గ్రాముల కందిపప్పు పడితే 3 గ్రాముల లోపు. ఒక కప్పు సొరకాయ కూర 2. పెరుగు, టీ, గుడ్డు, చికెన్, వీటిలో పీచు సున్నా. మొత్తం కలిపితే 15, మహా అయితే 16.

అంటే మనం కావాల్సిన దాంట్లో సగం దగ్గర ఆగిపోతున్నాం. కడుపు నిండా తిన్న రోజు సంగతి ఇది. కాజువాలిటీలో ఇరుక్కుపోయి సమోసా, టీతో లాగించేసిన రోజైతే ఇంకా తక్కువ.

మొదటి రెండు వారాలు రెండే రెండు

తిండి మొత్తం ఒకేసారి మార్చేద్దామని చూసినవాళ్లు నాలుగో రోజుకే వదిలేయడం నేను చూశాను. కాబట్టి మిగతాదంతా అలాగే ఉంచండి, తెల్లన్నం కూడా. మొదటి వారం గుప్పెడు నల్ల శనగలు, రెండో వారం దానికి తోడు ఒక జామకాయ. అంతే.

నల్ల శనగలు గట్టివి 30 గ్రాములు తీసుకుంటే 7 గ్రాములకు పైనే పీచు వస్తుంది. తొక్కతో ఉండాలి, శనగపప్పు చేసేస్తే బాగా తగ్గిపోతుంది. 100 గ్రాముల జామపండులో 8 గ్రాములకు పైనే ఉంటుంది. పైన వేసిన 15కి ఈ రెండూ కలపండి, 30 వచ్చేస్తుంది. నాకు ఈ లెక్క మొదటిసారి తెలిసినప్పుడు నిజంగా చాలా ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఓట్స్, చియా గింజలు అని ఎవరెవరో చెప్పినవి మా జీతాలకి, ముఖ్యంగా కాంట్రాక్టు మీద చేసే ఆయమ్మలకి, నెలంతా కొనే వస్తువులు కావు. శనగలు, జామకాయలు ఏ రైతుబజార్‌లోనైనా దొరుకుతాయి.

శనగలు ఇలా చేసుకోండి. రెండు రోజులకి సరిపడా కొలిచి డ్యూటీకి బయల్దేరే ముందు నీళ్లలో వేసి వెళ్లిపోండి, వచ్చేసరికి నానిపోయి ఉంటాయి. ఎండాకాలం అయితే నానబెట్టిన గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పులిసిపోతాయి. నానిన నీళ్లు పారబోసి, మంచినీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ రానివ్వండి. వేలితో నొక్కితే మెత్తగా అవ్వాలి, సరిగ్గా ఉడకకపోతే గ్యాస్ పడుతుంది. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే దసరాకి అమ్మవారి దగ్గర పెట్టే గుగ్గిళ్లే. చిన్న డబ్బాలో వేసుకుంటే స్పూనుతో రెండు నిమిషాల్లో తినేయొచ్చు, వేడి చేసుకోనక్కర్లేదు. హాస్టల్‌లో ఉండి కుక్కర్ లేనివాళ్లు వేయించిన శనగలు పొట్టుతో ఉన్నవి కొనుక్కోండి. పొట్టు తీసిన పుట్నాల పప్పు కాదు, పొట్టుతో ఉన్నవే.

జామకాయ కోసుకుని తీసుకెళ్లొద్దు, కాయగానే తీసుకెళ్లండి. ఇంట్లో కడిగి సంచిలో వేసుకుంటే డ్యూటీ రూంలో చేతులు సబ్బుతో కడుక్కుని కొరుక్కు తినొచ్చు. వార్డులోనూ నర్సింగ్ స్టేషన్ దగ్గరా తినొద్దని మీకు నేను చెప్పక్కర్లేదు. జామ సీజన్ కానప్పుడు సపోటా మంచిది, అందులోనూ బాగానే ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం సపోటా దగ్గర కాస్త చూసుకోవాలి. అరటిపండు కడుపు నింపుతుంది గానీ పీచు 100 గ్రాములకి 2 గ్రాములే, కాబట్టి అరటిపండు తిన్నాం కదా అని లెక్క పూర్తయినట్టు అనుకోవద్దు.

ఇక డ్యూటీని బట్టి

మార్నింగ్ డ్యూటీ సులువు. డబ్బా కట్టుకుని వెళ్తాం, టీ టైంకి బిస్కెట్ బదులు శనగలు. ఇంట్లో టిఫిన్‌కి వారంలో రెండు రోజులు పెసరట్టు వేసుకోగలిగితే చాలా తేడా వస్తుంది, పొట్టు పెసలు ఒక 60 గ్రాములు పడితే 10 గ్రాముల పీచు ఒక్క టిఫిన్‌లోనే. పొట్టు తీసిన పెసరపప్పుతో చేస్తే దాదాపు సగానికి పడిపోతుంది.

ఆఫ్టర్‌నూన్ డ్యూటీలో మన ఆకలి రెండు భోజనాల మధ్య చిక్కుకుంటుంది. ఇంట్లో ఒంటిగంటకి హడావిడిగా తినేసి వెళ్తాం, మళ్లీ రాత్రి తొమ్మిదిన్నరకి. మధ్యలో ఆరింటి ఆకలికి క్యాంటీన్ బజ్జీ. ఆ ఆరింటి మీదే మీ దృష్టి పెట్టండి, జామకాయ ఆ టైంకి దాచుకోండి. మధ్యాహ్నం కూరలో గోరుచిక్కుడు, బెండకాయ, వంకాయ, ములక్కాడ, తోటకూర ఉంటే 100 గ్రాములకి 4 గ్రాములు దాటుతుంది. సొరకాయ, బీరకాయ అంత ఇవ్వవు, అవి వద్దని కాదు, రోజూ అవే వండుకుంటే మాత్రం లెక్క ముందుకు జరగదు.

నైట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన పేగులకి కూడా రాత్రి నిద్ర ఉంటుంది. పెద్దపేగు కదలిక రాత్రి బాగా తగ్గి, పొద్దున లేచినప్పుడూ ఏదైనా తిన్నాకా పుంజుకుంటుంది. మనం మెలకువగా ఉన్నాం కదా అని అది పగటిలా పనిచేయదు. రాత్రి రెండింటికి బిర్యానీ తిన్నవాళ్లకి పొద్దున దాకా కడుపులో రాయి ఉన్నట్టు ఉండేది అందుకే. ఆ టైంకి గుగ్గిళ్లు కూడా తినకండి, ఉబ్బరం వస్తుంది. అసలు భోజనం డ్యూటీకి బయల్దేరే ముందు ఏడింటికి చేసేయండి. అప్పుడే రెండు జొన్న రొట్టెలు, పప్పు, ఆకుకూర పెట్టుకోండి. ఒక్కో రొట్టెకి 40 గ్రాముల పిండి అనుకుంటే రెండింటికీ కలిపి 8 గ్రాములు, పైగా నెమ్మదిగా అరుగుతాయి కాబట్టి పన్నెండింటి దాకా ఆకలి వేయదు. అర్ధరాత్రి ఆకలేస్తే గుప్పెడు పల్లీలో, ఒక పండో, మజ్జిగో చాలు. పొద్దున దిగి ఇంటికి రాగానే ఖాళీ కడుపుతో పడుకోవద్దు, పూరీ తిని కూడా పడుకోవద్దు. కూరగాయలు వేసిన గోధుమరవ్వ ఉప్మా ఒక కప్పు తిని పడుకోండి.

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. నైట్ రోజుల్లో మోషన్ వచ్చేది చాలామందికి సరిగ్గా హ్యాండోవర్ టైంకే. పొద్దున ఏడింటికి బ్లడ్ శాంపిళ్లు, చార్టులు, డాక్టర్ల ఫోన్లు, దాన్ని ఆపుకుంటాం. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు నీరు పీల్చేసుకుని గట్టిపడుతుంది, తర్వాత ఎంత పీచు తిన్నా రాదు. నా ఫిషర్‌కి సగం కారణం ఇదే అని సర్జన్ గారు చెప్పారు. పక్క సిస్టర్‌కి "అయిదు నిమిషాలు చూస్తావా అక్కా" అని చెప్పి వెళ్లడం తప్పు కాదు. మీరు ఇన్‌ఛార్జ్ అయితే మీ కింద చేసే పిల్లలకి ఆ అయిదు నిమిషాలు మీరే ఇవ్వండి, అడగకముందే. నైట్ దిగాక పగలు పడుకుని లేచినప్పుడు గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగి, ఏదైనా కొంచెం తిని, ఓ పదినిమిషాలు బాత్రూంకి కేటాయించండి. ఫోన్ బయట పెట్టండి.

నీళ్లు తాగకుండా ఇవేవీ మొదలుపెట్టొద్దు

పీచు నీటిని పట్టుకుని మోషన్‌ని మెత్తగా చేస్తుంది. నీళ్లే లేకపోతే అదే పీచు ఎండిపోయి ఇంకా గట్టిగా అడ్డం పడుతుంది. మనలో ఎంతమంది బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు మానేస్తున్నారో నాకు తెలుసు, ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) చేసేవాళ్లు మరీ. డ్యూటీకి లీటర్ బాటిల్ తీసుకెళ్లి మధ్యలో పెన్నుతో గీత గీయండి. డ్యూటీ సగానికి ఆ గీత దాకా, దిగేలోపు మొత్తం. టీని ఈ లెక్కలో కలపొద్దు. ఇంట్లో తాగేది వేరే. గుండె, కిడ్నీ సమస్యకి డాక్టర్లు నీళ్లు తగ్గించమన్నవాళ్లు మాత్రం ఇది పాటించకండి, ముందు వాళ్లనే అడగండి.

గ్యాస్ వస్తే

వస్తుంది. పెద్దపేగులో ఉండే మంచి బ్యాక్టీరియా పీచుని పులియబెడుతుంది, అప్పుడు గ్యాస్‌తో పాటు బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారవుతాయి, పేగు గోడల కణాలకి ఆహారం అవే. కాబట్టి కాస్త గ్యాస్ అంటే లోపల పని మొదలైందని అర్థం. అలవాటు పడటానికి వాటికీ రెండు మూడు వారాలు కావాలి. పైన చెప్పినట్టు వారానికి ఒక్కటే చొప్పున నెమ్మదిగా పెంచితే చాలామందికి ఇబ్బంది ఉండదు. మరీ ఎక్కువైతే శనగలు సగం చేసి ఇంకో వారం ఆగండి, మానేయకండి. బాగా నమలండి, లంచ్‌కి పది నిమిషాలే దొరికే మనకి ఇది కష్టమైనా సరే.

పొడులు, బిస్కెట్లు

డైజెస్టివ్ బిస్కెట్ తింటే పీచు వచ్చేసినట్టే అని మా వార్డులో చాలామంది నమ్మకం. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. 100 గ్రాములకి 6 గ్రాములుంటేనే పీచు ఎక్కువని ముద్రించాలని మన దేశంలో నియమం ఉంది. సరే, 6 ఉందనే అనుకుందాం, మీరు తినేది రెండు బిస్కెట్లు, పాతిక ముప్పై గ్రాములు. దానికి వచ్చేది రెండు గ్రాముల లోపు, తోడుగా చక్కెర, నూనె. బ్రౌన్ బ్రెడ్ కూడా అంతే, పదార్థాల జాబితాలో మొదటి పేరు మైదా ఉంటే రంగు చూసి కొనొద్దు.

ఇసబ్గోల్ (నీళ్లలో కలిపి తాగే పీచు పొట్టు) మంచిదే, కానీ తిండితో కుదరనప్పుడు. ఒక టీస్పూను, నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి, ఆగితే జిగురైపోతుంది, పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. వేరే మందులకీ దానికీ కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. మనలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు చాలామంది, వాళ్లు పొద్దున పరగడుపున మాత్ర, రాత్రి భోజనం తర్వాత ఇసబ్గోల్ అని విడదీసుకుంటే ఇబ్బంది ఉండదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక మోషన్ గట్టిపడిందంటే అది తిండి తప్పు కాకపోవచ్చు, రాసిన డాక్టరుకి చెప్పండి.

నలుగురూ కలిస్తే

ఒక్కరే డబ్బా తెచ్చుకుంటే వారం తర్వాత బద్ధకం వస్తుంది. మేం నైట్ టీంలో వంతులు పెట్టుకున్నాం, రోజుకొకరు అందరికీ సరిపడా గుగ్గిళ్లు తేవాలి. ఒకరోజు శనగలు, ఒకరోజు అలసందలు, ఒకరోజు పెసలు. ఎనిమిదింటికి చార్జ్ తీసుకోగానే తినేస్తాం. హౌస్‌కీపింగ్ వాళ్లని కూడా కలుపుకోండి, వాళ్లు చాలాసార్లు పొద్దున వండిన అన్నమే రాత్రికీ తెచ్చుకుంటారు. క్యాంటీన్ అతన్ని నలుగురు వెళ్లి అడగండి, బజ్జీల పక్కన ఒక గిన్నెలో గుగ్గిళ్లు పెట్టమని. ఒకరు అడిగితే నవ్వుతాడు, పదిమంది కొంటామంటే పెడతాడు. పేషెంట్ల వాళ్లు డిశ్చార్జ్ రోజున స్వీట్ బాక్స్ తెస్తామంటే పండ్లు తెమ్మని చెప్పొచ్చు, వాళ్లేమీ అనుకోరు.

ఎవరు ఆగాలి

మోషన్‌లో రక్తం, తెలియకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ లేనిది మోషన్ తీరు ఒక్కసారిగా మారిపోవడం, కడుపు ఉబ్బి వాంతులతో పాటు గ్యాస్ కూడా కదలకపోవడం, వీటిలో ఏదున్నా శనగలతో సరిచేద్దామని కూర్చోకండి. పైల్స్ అయ్యుంటుందిలే అని మనకి మనమే డయాగ్నోసిస్ రాసేసుకునే అలవాటు మనలో బాగా ఉంది. ఫిషర్‌తో నేను నాలుగు నెలలు అలాగే గడిపాను. పేగు ఆపరేషన్ అయినవాళ్లు, పేగులు సన్నబడే జబ్బు ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్యకి పొటాషియం తగ్గించమన్నవాళ్లు ముందు డాక్టరుని కలవాలి. షుగర్ మందులు వాడేవాళ్లు పీచు పెంచాక లెవెల్స్ ఒకసారి చూసుకోండి, మారొచ్చు.

ఆరు వారాల తర్వాత

నోటు పుస్తకం మళ్లీ తెరిచి, మొదటి పేజీ చూడకుండా కొత్త పేజీలో అదే ప్రశ్నకి జవాబు రాయండి, కింద ఆ మూడు లెక్కలూ వేయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నాకు మోషన్ రెండు వారాల్లోనే దారికొచ్చింది, నొప్పి తగ్గడానికి ఇంకా ఎక్కువ పట్టింది, "ఫర్వాలేదు" అన్నది "బాగుంది" అవ్వడానికి దాదాపు మూడు నెలలు. ఆ మార్పంతా పీచు వల్లే అని నేను చెప్పను, ఎందుకంటే అదే టైంలో వరసగా పడే నైట్స్ కూడా తగ్గాయి, నిద్ర పెరిగింది. ఆరోగ్యం బాగున్నవాళ్లకే బాగా తినే ఓపిక ఉంటుందన్నదీ నిజమే. కడుపు బాగుపడి కూడా మీ జవాబు "బాగోలేదు" దగ్గరే ఆగిపోతే, ఇంకెక్కడో చూడాలని అర్థం: నిద్ర, హిమోగ్లోబిన్, థైరాయిడ్, మీ మీద పడుతున్న బెడ్ల సంఖ్య, మనసులో టెన్షన్. ఆ పేజీ పట్టుకెళ్లి ఎంప్లాయీ హెల్త్ చెకప్‌లో డాక్టరుకి చూపించండి.

ఒక జాగ్రత్త. మొదటి జవాబు ఏ డ్యూటీ దిగాక రాశారో రెండోది కూడా అదే డ్యూటీ దిగాక రాయండి. నైట్ తర్వాత రాసిన "బాగోలేదు"ని ఆఫ్ మర్నాడు రాసిన "బాగుంది"తో పోల్చి సంబరపడితే లెక్క తప్పుతుంది. అందుకని పేజీ మీద తేదీ పక్కనే డ్యూటీ కూడా రాసి పెట్టుకోండి.